పెరటి చెట్టు మందుకు రాదని ఎవరన్నారు?

ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ కనిపించకపోతే టమాట రైతుకు నిద్ర పట్టదు. కింది ఆకుల మీద గుండ్రటి మచ్చలు మొదలవుతాయి. బీర పాదుల ఆకుల మీద పసుపు మచ్చలు, వాటి అడుగున బూజు కనిపిస్తాయి. వాన తెరిపిచ్చి పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ కాస్తే బెండ ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లగా అవుతుంది. అప్పుడు రైతు ముందు రెండు గడపలు ఉంటాయి. ఒకటి మందుల కొట్టు. అక్కడ అడిగినదానికి ఒకటి, అడగనిదానికి రెండు డబ్బాలు చేతిలో పెడతారు. రెండోది అవగాహన సదస్సు. అక్కడ వేదిక మీద నుంచి కషాయం కొడితే అన్ని తెగుళ్లూ పోతాయని చెప్పి, కరపత్రం చేతిలో పెట్టి జీపెక్కుతారు.

ఈ ఇద్దరిలో ఎవరి మాట విన్నా, పంట పోయిన రోజున పొలం గట్టు మీద నిలబడేది రైతు ఒక్కడే. మా అసలు ఫిర్యాదు ఇదే. మొక్కల కషాయాలు పనికిరావని కొట్టిపారేసేవాళ్లతోనూ, సర్వరోగ నివారిణి అని ఊదరగొట్టేవాళ్లతోనూ మాకు పేచీ ఉంది. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు: లెక్క తేల్చకుండా రైతును పందెంలోకి దింపుతున్నారు.

కషాయం మూఢనమ్మకం కాదు

మొదట కొట్టిపారేసేవాళ్ల సంగతి చూద్దాం. "ఆకుల నీళ్లతో తెగులు పోతుందా?" అని నవ్వే డీలర్లను మనం రోజూ చూస్తున్నాం. వాళ్లకు సమాధానం మన దగ్గర కంటే అమెరికా కంపెనీల దగ్గరే బాగా దొరుకుతుంది. 1994లో అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే బహుళజాతి కంపెనీ కలిసి ఐరోపా పేటెంటు కార్యాలయం నుంచి ఒక పేటెంటు తెచ్చుకున్నాయి. అది దేని మీద? వేప గింజల నుంచి తీసిన నూనెతో మొక్కల మీద శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి మీద. పురుగుల మీద కాదు, అచ్చంగా శిలీంధ్రాల మీద. మన ఊరి బావి దగ్గర నిలబడిన చెట్టు పనిచేయదనుకుంటే అంత పెద్ద కంపెనీ దాని మీద హక్కు కోసం ఎందుకు పరిగెత్తింది?

ఆ పేటెంటును వందనా శివ ప్రభృతులు, ఐరోపా పార్లమెంటులోని గ్రీన్స్ బృందం, అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల సమాఖ్య కలిసి 1995లో సవాలు చేశారు. భారత రైతులకు తెలిసిన విద్యలో కొత్త ఆవిష్కరణ ఏమీ లేదని వాదించారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయింది. కంపెనీ పక్షం అప్పీలుకు వెళ్లింది. 2005 మార్చిలో ఆ అప్పీలూ వీగిపోయింది. అంటే పదేళ్లు పోరాడి, ఇది మన విద్యేనని పరాయి గడ్డ మీద నిరూపించుకున్నాం. మంచిదే. మరి సొంత గడ్డ మీద ఆ విద్యను ఏం చేసుకున్నాం? బీరకు ఏ దశలో, ఎంత మోతాదులో, ఎన్ని రోజులకోసారి కొడితే ఎంత మేరకు ఫలితం ఉంటుందో రైతు చేతికి రాసిచ్చినవాళ్లు ఎంతమంది?

కషాయాలు ఎందుకు పనిచేస్తాయో తెలియనిదేమీ కాదు. వేపనూనె ఆకు మీద పలచని పొరలా పరుచుకుని బూడిద తెగులు బీజాలు మొలకెత్తకుండా అడ్డుపడుతుంది. వెల్లుల్లి రెబ్బను నలిపినప్పుడు ఘాటైన గంధక పదార్థం ఒకటి పుడుతుంది, దానికి శిలీంధ్రాన్ని అణిచే గుణం ఉంది. పాల సంగతి చెబితే కొందరు నవ్వుతారు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెత్తియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతి పంట మీద పాలు కలిపిన నీళ్లు కొట్టి చూశారు. పది శాతం పాలు వారానికోసారి కొడితే బూడిద తెగులు మీద రసాయన మందుకు తీసిపోని ఫలితం వచ్చిందని 1999లో ప్రకటించారు. మన దగ్గర ప్రకృతి వ్యవసాయంలో చెప్పే సొంఠి పాల కషాయం, పుల్లటి మజ్జిగ ఈ దారిలోవే. నవ్వాల్సిన విషయం కాదిది, కొలవాల్సిన విషయం.

సర్వరోగ నివారిణీ కాదు

ఇప్పుడు రెండో పక్షం. కషాయాన్ని మంత్రంలా చెప్పేవాళ్లు రైతుకు చేస్తున్న నష్టం తక్కువేమీ కాదు. మన సంఘం సభ్యుల్లోనే ఒక కౌలు రైతు కుటుంబం సంగతి చెబుతాం. టమాటకు మచ్చలు కనిపించగానే కరపత్రంలో ఉన్నట్టే కషాయం కాచి కొట్టారు. ముసురు ఆగలేదు. మూడు రోజులకు కాండం నల్లబడింది. ఇంకోసారి కాచి కొట్టారు. వారం తిరిగేసరికి చేను కాలిపోయినట్టయింది. కట్టెలు, స్తంభాలు, తీగ, నారు, కౌలు అన్నీ మట్టిలో కలిశాయి. కరపత్రం ఇచ్చినాయన్ని అడిగితే "ముందు నుంచి కొట్టాలి కదమ్మా" అన్నాడట. ఆ మాట కరపత్రంలో లేదు.

అది లేట్ బ్లైట్ అని కొట్టుల్లో పిలిచే ఆకుమాడు. నిజానికి అది అసలైన శిలీంధ్రం కూడా కాదు, దాని దూరపు చుట్టం. చల్లటి ముసురులో అది దూకుడు మీద ఉంటే ఇంట్లో కాచిన ఏ కషాయమూ దాన్ని ఆపదు. ఈ నిజాన్ని గట్టిగా చెప్పే ధైర్యం ప్రచారకులకు ఉండాలి. మొక్కల కషాయాలు ప్రధానంగా రాకుండా కాచేవి, వచ్చాక తగ్గించేవి కావు. ఆకు లోపలికి పాకి తెగులును వెతికి చంపవు. వాన పడితే కడిగిపోతాయి, ఎండకు చెడిపోతాయి. అందుకే పదే పదే కొట్టాలి.

తయారీలోనూ అంతే. వెల్లుల్లిని దంచి గంటలకొద్దీ మరగబెట్టమని చెప్పేవాళ్లున్నారు. మంట మీద మరిగిస్తే మనకు కావలసిన ఘాటే పోతుంది. చల్లగా దంచి, నానబెట్టి, వడగట్టి అదే రోజు కొట్టాలి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు అంటారు. సబ్బు నీళ్లతో చిలక్కుండా కలిపితే నూనె పైన తేలి, ట్యాంకు అడుగున ఉత్త నీళ్లు మిగులుతాయి. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది. గంధకం కొట్టిన చేను మీద వెంటనే నూనె కొట్టినా మాడుతుంది. ఇవి చెప్పకుండా "సహజమైనది కాబట్టి హాని లేదు" అనడం అజ్ఞానమైనా కావాలి, నిర్లక్ష్యమైనా కావాలి. ఉమ్మెత్త కూడా సహజమే. దాని కషాయం కాచేటప్పుడు చేతులకు తొడుగుల్లేకపోతే, వంట గిన్నె వాడితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఇంకొకరు వెయ్యేళ్ల నాటి వృక్షాయుర్వేదంలో ఉందంటారు. ఉంది. సురపాలుడి గ్రంథాన్ని మన సికింద్రాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థ 1996లో అచ్చు వేసింది. ఆ పని చేయించిన వై.ఎల్. నేనె స్వయంగా మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త. పాతదన్న ఒక్క కారణంతో తీసెయ్యకూడదు, పాతదన్న ఒక్క కారణంతో నెత్తిన పెట్టుకోకూడదు. రైతుకు తాతల ముచ్చట్లతో పాటు ఈ ఏటి పంట కూడా కావాలి.

రసాయన డబ్బా లెక్క కూడా తేలలేదు

"అలాగైతే డబ్బానే మేలు కదా" అని కొట్టువాళ్లు చంకలు గుద్దుకోనక్కర్లేదు. బెండ రోజు మార్చి రోజు కోస్తాం. బీర, దోస కూడా దాదాపు అంతే. డబ్బా మీద, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో, మందు కొట్టాక ఇన్ని రోజులు కోత ఆపాలని ఉంటుంది. ఆపితే బెండ ముదిరి పీచు పడుతుంది, మండీలో ఎవడూ ముట్టుకోడు. ఆపకపోతే ఆ మందు తినేవాళ్ల కంచంలోకి పోతుంది. మందు తయారుచేసినవాడికి, అనుమతి ఇచ్చినవాడికి బెండ ఎలా కోస్తారో తెలియదా? తెలుసు. ఆ చిన్న అక్షరాలు వాళ్లను కాపాడుకోవడానికి, మనల్ని దోషులుగా నిలబెట్టడానికి. కోతల మధ్య కొట్టదగిన మందు కావాల్సిన పంటలు కూరగాయలే. మొక్కల కషాయాలకు అసలైన చోటు ఇక్కడే ఉంది.

మాంకోజెబ్ కథ చూడండి. ఏ ఊరి కొట్టుకు వెళ్లినా ఆ పసుపు పొడి ఉంటుంది. పునరుత్పత్తికి హాని చేస్తుందని, హార్మోన్ల పనిని చెడగొడుతుందని తేల్చి 2020 డిసెంబరులో ఐరోపా యూనియన్ దాని అనుమతిని పొడిగించకుండా వదిలేసింది. అదే ఏడు మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చింది. అందులో మాంకోజెబ్ ఉంది, కార్బెండజిమ్ ఉంది. తర్వాత ఏమైంది? జాబితాలో ఎక్కువ భాగం కొట్టుల్లో మిగిలే ఉంది. హానికరమని ముసాయిదాలో మీరే రాస్తారు, అమ్మకం ఆపరు, బదులు చూపరు. ముసుగు లేకుండా, లుంగీ ఎగ్గట్టి దాన్ని కొట్టే కూలీ ఊపిరికి ఎవరు పూచీ?

ఒకే తరహా మందును పదే పదే కొడితే తెగులు దానికి అలవాటు పడుతుందని శాస్త్రవేత్తలే చెబుతారు. రైతు అనుభవమూ అదే. ముందు ఒకసారి కొడితే ఆగేది ఇప్పుడు మూడుసార్లు కొట్టినా ఆగడం లేదు. డబ్బా ధర మాత్రం పెరుగుతూనే ఉంది.

అలాగని రాత్రికి రాత్రి అన్నీ నిషేధించమని మేం అడగడం లేదు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతి ఒక్క దెబ్బతో ఆపేసింది. బదులు సిద్ధం చేయలేదు. పంటలు దెబ్బతిని, రైతులు రోడ్డెక్కితే అదే ఏడు నవంబరులో వెనక్కి తగ్గింది. దెబ్బ తిన్నది రైతు, ప్రసంగాలు చేసినవాళ్లు కాదు. ప్రత్యామ్నాయాన్ని ముందు చేతిలో పెట్టండి, ఆ తర్వాత పాతదాన్ని తీయండి అన్నదే మా మాట.

బోర్డో మిశ్రమం నేర్పే పాఠం

శాస్త్రవేత్తలు అడ్డం వేసే మాట ఒకటుంది. "ఒక చెట్టు ఆకులో ఉన్నంత సత్తా ఇంకో చెట్టు ఆకులో ఉండదు, కాబట్టి సిఫారసు చేయలేం" అంటారు. నిజమే, తేడా ఉంటుంది. గింజ ఎండిన తీరును బట్టి, నిల్వను బట్టి, నీటిని బట్టి మారుతుంది. కానీ అది పరిశోధన చేయడానికి కారణం, మానేయడానికి కాదు.

ఇవాళ ప్రతి వ్యవసాయ పుస్తకంలో ఉన్న బోర్డో మిశ్రమం ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్ష రైతులు దారిన పోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా, మైలుతుత్తం, సున్నం కలిపి దారి పక్క తీగల మీద చల్లేవాళ్లు. ఆ తీగలకు బూజు తెగులు పట్టకపోవడం మిల్లార్దే అనే ఆచార్యుడు గమనించాడు. కొలిచాడు, పాళ్లు మార్చి చూశాడు, 1885లో ప్రకటించాడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు అని మన రైతు ఇవాళ సొంతంగా కలుపుకుంటున్నాడంటే, ఆ రోజున ఒక శాస్త్రవేత్త రైతు తోటలోకి తలొంచి చూసినందుకే. మన తోటల్లోకి తలొంచి చూసేదెవరు?

విశ్వవిద్యాలయాల్లో పనే జరగలేదని మేం అనడం లేదు. వేప, వెల్లుల్లి, తులసి రసాలను గాజు పళ్లేల్లో శిలీంధ్రాల మీద పరీక్షించిన విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. పట్టా రాగానే అవి బీరువాలోకి పోతాయి. గాజు పళ్లెంలో వాన పడదు, ఎండ కాయదు, కోత కూలీ ఉండదు. చేను మీద, రెండు మూడు కార్లు, పక్కపక్క సాళ్లలో చూసినప్పుడే రైతుకు పనికొచ్చే మాట పుడుతుంది. ఆ మెట్టు ఎక్కించడానికి డబ్బు పెట్టేవాళ్లు లేరు. కంపెనీ పెట్టదు, ఎందుకంటే పెరటి చెట్టు మీద లాభం రాదు. అందుకే ఆ పని ప్రభుత్వానిది.

పురుగుల విషయంలో ఈ దారి మన దగ్గరే పడింది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పునుకుల, ఇప్పటి జనగామ జిల్లాలో ఏనబావి ఊళ్లు పురుగుమందులు లేకుండా సేద్యం చేసి చూపాయి. వేపగింజల కషాయం ఎలా, ఎప్పుడు, ఎంత అన్నది ఊరంతా కలిసి నేర్చుకున్నారు కాబట్టి అది నిలబడింది. తెగుళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆ కూడిక, ఆ కొలత ఇంకా రాలేదు.

చట్టం ఎవరికి అడ్డు, ఎవరికి అండ?

1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం రైతు తన పొలానికి తాను మందు వాడుకోవడానికి మినహాయింపు ఉంది. సరే. కానీ ఆరుగురు మహిళలు సంఘంగా ఏర్పడి వేప కషాయం కాచి, పక్క రైతుకు నాలుగు డబ్బులకు ఇస్తే? రిజిస్ట్రేషన్, లైసెన్సు, పరీక్షల కాగితాలు అని చట్టం ముందుకొస్తుంది. అదే చట్టం కళ్లెదుట "బయో" అని, "పెరుగుదల మందు" అని రంగు కాగితం అంటించిన సీసాలు కొట్టుల నిండా ఉన్నాయి. లోపల ఏముందో రాయరు. ఒకే దెబ్బకు తెగులు ఆగిపోతే, అందులో ఉన్నది ఆకు రసమా, పేరు చెప్పని రసాయనమా అని అనుమానించాల్సిందే. సేంద్రియమని నమ్మి కొట్టిన రైతు పంటలో రసాయన అవశేషం బయటపడితే, దొంగ అని పేరు పడేది రైతుకే. కట్టెల పొయ్యి ముందు కళ్లు మండించుకునే ఆడవాళ్లకు చట్టం, సీసా మీద బొమ్మ వేసి అమ్మేవాడికి చుట్టరికమా?

ఐరోపాలో దీనికి ఒక దారి తీశారు. ఆహారంగానో, ఇంటి అవసరానికో వాడే హాని లేని పదార్థాలను "మౌలిక పదార్థాలు" అనే తరగతిలో పెట్టి, తేలికైన పద్ధతిలో అనుమతిస్తున్నారు. గుర్రపుతోక మొక్క కషాయానికి 2014లోనే అనుమతి వచ్చింది. విల్లో బెరడు, పాలు, పాలవిరుగుడు తేట కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఏ పంటకు, ఏ తెగులుకు, ఎలా తయారుచేయాలి, ఎంత మోతాదు అన్నది రాతపూర్వకంగా అందరికీ అందుబాటులో ఉంది. మన వేపను పేటెంటు చేయబోయిన ఖండం తన రైతు కషాయానికి చట్టంలో కుర్చీ వేసింది. వేప పుట్టిన దేశం తన రైతు కషాయానికి కరపత్రం మాత్రం వేసింది.

ఖర్చు లేనిదా?

ఇంకో అబద్ధం: కషాయానికి ఖర్చు లేదు. ఆకు కోసేది, గింజ ఏరేది, దంచేది, కాచేది, వడగట్టేది ఎవరు? నూటికి తొంభై ఇళ్లలో ఆడవాళ్లే. చేలో కలుపు తీసి వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, పక్కన కషాయం గిన్నె పెట్టే చెల్లెలి కష్టానికి కూలీ లేకపోతే దాన్ని "పెట్టుబడి లేని సేద్యం" అంటున్నారు. ఆ కూలీ లెక్కలో రాయండి. వారానికోసారి ఎకరానికి పిచికారీ అంటే ఎన్ని చేతులు కావాలో రాయండి. అప్పుడే కషాయానికీ డబ్బాకూ సరైన పోలిక.

మా డిమాండ్లు

1. రెండు రాష్ట్రాల ఉద్యాన, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు టమాట, బెండ, బీర, మిరప, ఉల్లి మీద మొక్కల కషాయాలను రైతుల పొలాల్లోనే కనీసం మూడు కార్లు పరీక్షించాలి. పనిచేయని వాటి ఫలితాలు కూడా తెలుగులో ప్రకటించాలి.

2. ఏ తెగులుకు పనిచేస్తుంది, ఏ తెగులుకు పనిచేయదు, ఏ దశ దాటితే ఆశ వదులుకోవాలి అన్నది రాసి ప్రతి రైతు సేవా కేంద్రంలో, రైతు వేదికలో గోడ మీద పెట్టాలి.

3. ఊరి స్థాయిలో కషాయాల తయారీ కేంద్రాలు పెట్టాలి. అక్కడ పనిచేసే మహిళలకు కూలీ కట్టివ్వాలి. వాళ్లు తయారుచేసినది అమ్ముకునేందుకు చట్టంలో సులువైన దారి తీయాలి.

4. "బయో" పేరుతో అమ్మే ప్రతి సీసా నమూనా తీసి పరీక్షించి, ఫలితాలు మండల కేంద్రంలో అంటించాలి. కల్తీ తేలితే కంపెనీ నుంచి నష్టపరిహారం రాబట్టి రైతుకు ఇవ్వాలి.

5. ప్రభుత్వం చెప్పిన పద్ధతి పాటించి పంట కోల్పోతే పరిహారం ప్రభుత్వమే చెల్లించాలి. కౌలు రైతుకు కూడా.

మనం చేయాల్సింది

డిమాండు చేసి చేతులు కట్టుకు కూర్చోవడం మన సంఘం పద్ధతి కాదు. రానున్న కారులో ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలి. కూరగాయలు వేసే సభ్యులు ఒక్కొక్కరు నాలుగు సాళ్లు కషాయానికి, నాలుగు సాళ్లు మామూలు మందుకు, రెండు సాళ్లు ఏమీ కొట్టకుండా వదలాలి. ఆ రెండు సాళ్లు వదలడానికి మనసొప్పదు, మాకు తెలుసు. కానీ అవి లేకపోతే తెగులు తగ్గింది కషాయం వల్లో, ఎండ కాసినందుకో చెప్పలేం. కొట్టిన తేదీ, వాన పడిన రోజులు, పట్టిన కూలీ, కోసిన కిలోలు ఒక నోటుపుస్తకంలో రాయాలి. నారుమడి దగ్గరే మొదలుపెట్టాలి. ఎత్తు మడులు, నీరు నిలవకుండా చూడడం, 90 కిలోల పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి మాగబెట్టి వేయడం, జబ్బు ఆకులు ఏరి కాల్చడం ఇవేవీ మానకూడదు. కషాయం వీటికి తోడు మాత్రమే, బదులు కాదు. లేట్ బ్లైట్ కనిపిస్తే పంతానికి పోయి చేను పోగొట్టుకోవద్దు. ఉన్న మందు వాడుకోండి, ఆ సంగతి కూడా పుస్తకంలో రాయండి.

కారు చివర ఆ పుస్తకాలన్నీ జిల్లా కమిటీకి చేరాలి. వాటిని చంకన పెట్టుకుని విశ్వవిద్యాలయం గేటు దగ్గరకు, కలెక్టరేటు గేటు దగ్గరకు వెళ్దాం. పెరటి చెట్టు మందుకు రాదని సామెత చెప్పినవాళ్లు ఆ చెట్టును కొలిచి చూడలేదు. ఐరోపాలో పేటెంటు రద్దయింది అది మన విద్య అని చూపించగలిగినందుకే. ఇప్పుడు ఆ విద్యకు లెక్క కట్టే పని మన చేతుల్లోనే మొదలు కావాలి.